దుప్పటి కప్పిన మిషను

దాలయ్యను ఆ ఉదయం సర్కారు ఆసుపత్రి డయాలసిస్ గది గుమ్మం దగ్గరే ఆపేశారు. రక్తంలో కామెర్ల వైరస్ ఉంది గనుక ఇక ఇక్కడ మిషను ఎక్కించరట, విశాఖపట్నం పొమ్మన్నారు. కిడ్నీలు పాడై ఏళ్ళ తరబడి ఇక్కడే రక్తం శుభ్రం చేయించుకుంటున్న మనిషి. ఆ వైరస్ అంటుకుందీ ఇక్కడే. అంటించినవాళ్ళే గెంటేస్తే ఎవరితో చెప్పుకోవాలి? అతని భార్య తాయారు గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

కడుపు రగిలే మాట ఇంకొకటుంది. ఉద్దానం నుంచి ఒకే ఆటోలో వచ్చే బ్యాచ్ వాళ్ళది. ఒకరి సూదిపోటు ఒకరికి తెలుసు. అలాంటివాళ్ళే కొన్నాళ్ళ కిందట జబ్బు సంగతి తెలియగానే దాలయ్యను దూరంగా డ్రైవరు పక్కకు నెట్టేశారు. అంతెందుకు, జీడిపిక్కలు కొట్టి ఇల్లు నడిపే తాయారే అతని కంచం, గ్లాసు వేరుచేసింది. పాపం, అతను ఆ కంచం తనే కడుక్కునేవాడు.

ఇప్పుడు బ్యాచ్‌లో పద్మకుమారినీ ఆపారు, జగన్నాధాన్నీ ఆపారు. వాళ్ళకూ అదే వైరస్. జబ్బు తెలిశాక ఆటోలో ఏనాడూ దాలయ్య పక్కన కూర్చోనివాళ్ళు! అప్పుడు గాని అందరి కళ్ళూ గది మూలకు తిరగలేదు. కామెర్లవాళ్ళకని పెట్టిన వేరే మిషను వానలకు ముందే చెడిపోయి, దుప్పటి కప్పుకుని పడి ఉంది. ఈ గదిని నడిపే కాంట్రాక్టరు దాన్ని బాగుచేయించకుండా అందరినీ ఒకే మిషన్ల మీదికి తోలేశాడు. ఒకరు దిగీదిగగానే, సరిగా కడగనైనా కడగకుండా ఇంకొకరు.

"మనం దాలయ్య మావని ఎలేసినాం. ఎలెయ్యాల్సింది ఆ కంట్రాట్రుని," అంది పద్మకుమారి.

ముగ్గురినీ ఎక్కించేదాకా, ఆ మిషను బాగుచేసేదాకా తామూ మిషను ఎక్కేది లేదని బ్యాచంతా వరండాలో కూర్చుంది. కాంట్రాక్టరు పెట్టిన మేనేజరు మోహనకృష్ణ నవ్వాడు. ఎక్కకపోతే పోయేది మీ ప్రాణాలే గదా అన్నాడు. నిజమే. సాయంత్రానికి అందరి కాళ్ళూ ఉబ్బాయి, ఆయాసం మొదలైంది. తన కోసం చావొద్దని దాలయ్య చేతులు జోడించాడు. ఎవరూ లేవలేదు. అతన్ని విశాఖ తీసుకెళ్ళడానికి అంబులెన్సు ఇమ్మని తాయారు మేనేజరు కాళ్ళావేళ్ళా పడింది. ఇవ్వలేదు.

మర్నాడు అతనికి ఊపిరి అందలేదు. నీళ్ళడిగాడు. కిడ్నీ రోగికి నీళ్ళు ఎక్కువైతే ముప్పని ఇన్నాళ్ళూ గుక్కెడు గుక్కెడుగా కొలిచి పోసిన తాయారు తన గ్లాసుతోనే నిండా ఇచ్చింది. సగం తాగాడు. ఆమె ఒళ్ళోనే పోయాడు. ఆమె చాలాసేపు ఏడ్చింది, కంచం వేరుచేసిన తన చేతుల్ని తిట్టుకుంటూ ఏడ్చింది.

శవాన్ని తీసేయించమని మేనేజరు పోలీసులను పిలిచాడు. శవం దగ్గర్నుంచి లేపడానికి ఎస్సై తాయారు రెక్క పట్టుకోగానే, ఉబ్బిన కాళ్ళు ఈడ్చుకుంటూ బ్యాచంతా వెళ్ళి పోలీసు వ్యానెక్కేసింది. దాలయ్యను కూడా ఎత్తి తమ మధ్యే పడుకోబెట్టుకున్నారు.

దిగమని ఎస్సై గదమాయించాడు.

"అరెస్టు సేసీ బాబూ," అన్నాడు జగన్నాధం, రొప్పుతూ. "మీ టేసన్లో మిషనుంటాదా?"

ఎస్సై ఒక అడుగు వెనక్కి వేశాడు. వీళ్ళలో ఒక్కరు స్టేషన్లో పోయినా సమాధానం చెప్పాల్సింది తనే. మోహనకృష్ణ వైపు చూశాడు. అతను నవ్వడం మానేసి కాంట్రాక్టరుకు ఫోన్ చేస్తున్నాడు.

తాయారు చివరగా వ్యానెక్కి భర్త తల పక్కన కూర్చుంది.

ఎస్సై గొంతు తగ్గించాడు. "నీ మనిషి ఎలాగూ పోయాడు గదమ్మా. నువ్వైనా వీళ్ళను దిగమని చెప్పు."

"నా మనిసి పోనాడు. అందుకే సెప్పను," అంది తాయారు.