కోడలి ఒక్కపొద్దులు

పెళ్లయి నాలుగేళ్లయినా కోడలు సుజన కడుపు పండలేదని నిర్మలాదేవే భద్రాద్రి రామయ్యకు మొక్కుకుంది. కడుపు పండేదాకా శని, సోమవారాలు, ఏకాదశులు కోడలు ఒక్కపొద్దులుంటుందని. సుజన ఒక్కనాడూ తప్పలేదు. పోనుపోను మిగతా రోజుల్లోనూ తిండి మీద ధ్యాసే లేకుండా పోయింది. ఎండాకాలం వచ్చేసరికి నెలసరి ఆగింది. అత్త సంబరపడి, కారేపల్లి నుంచి కోడలిని ఖమ్మం దవాఖానాకు తీసుకెళ్లింది.

డాక్టరమ్మ ప్రసూన పరీక్షలు చేయించి తల అడ్డంగా ఊపింది.

"కడుపు కాదమ్మా. సరిగ్గ తింటలేదు. మనం తింటే ఒంట్ల ఇన్సులిన్ లాంటివి మెదడుకు కబురు చెప్తయి, తిండికి లోటు లేదు, ఒళ్లు ఎదగొచ్చు, బిడ్డను మొయ్యొచ్చు అని. ఆ కబురు తగ్గితే మెదడు కరువొచ్చిందనుకుంటది. నెలసరి ఆపేస్తది."

"కడుపుకూ మెదడుకూ ఏం సంబంధమమ్మా?" అంది నిర్మలాదేవి.

"ఆకలినీ నెలసరినీ నడిపే జాగాలు మెదడుల పక్కపక్కనే ఉంటయి. ముందు పిల్లను కడుపునిండ తిననియ్యి."

తిరుగు బస్సులో సుజన కళ్లు తుడుచుకుంది. "మొక్కు తప్పితే ఎట్లత్తమ్మా?"

ఇంటికొచ్చి నిర్మలాదేవి దేవుడి పటం ముందు నిలబడింది. ఆకలి పెట్టింది నువ్వే కదా స్వామీ, ఆ ఆకలి తీరితేనే బిడ్డ అని ఒంటికి నేర్పిందీ నువ్వేనా? మరి నేను పిల్లను పస్తులుంచి నిన్నేం అడిగినట్టు? పటానికి దండం పెట్టి, వసారాలో చేగోడీలు నములుతున్న భర్త దగ్గరికి వెళ్లింది.

"మొక్కు ఇంటిది. ఇంట్ల ఎవరో ఒకరు తీర్చాలె. నాకు షుగరాయె. మీరుండాలె."

వెంకటరామారావు నోట్లో చేగోడీ ఆగిపోయింది. "నేనా? పొద్దుగాల టిఫిను లేకుంటే కండ్లు తిరుగుతయే నాకు!"

"పిల్లకు తిరగలేదా ఇన్నాళ్లు?"

ఆయన గిన్నె పక్కన పెట్టాడు. "సరే తియ్. మనవరాలి కోసమైతే ఉంట."

"మనవడన్లేదేంది?"

"ఎవరైతేంది, ముందు రానీ."

శనివారం పొద్దున నిర్మలాదేవి వేడి అన్నం, దోసకాయ పప్పు, నెయ్యి వడ్డించింది. సుజన కంచం వైపు చూసి, దేవుడి పటం వైపు బెదురుగా చూసింది.

"ఆకలైతలేదత్తమ్మా."

"అయితది బిడ్డా. ఆకలి మన ఇల్లు మరిచింది. పిలుచుకుందాం." అంటూ తనే ముద్ద కలిపి నోటికందించింది.

"పప్పు వాసన ఇక్కడిదాకా వస్తుంది! తలుపన్నా దగ్గరికెయ్యుండ్రి!" అని వసారాలోంచి వెంకటరామారావు కేకేశాడు.

సుజనకు నవ్వొచ్చి పొలమారింది. నిర్మలాదేవి ఆమె నడినెత్తి మీద తట్టి నీళ్లు తాగించింది. రామయ్య ఏమనుకున్నాడో ఆమెకు తెలియదు. రెండో ముద్ద మాత్రం కొంచెం పెద్దదే కలిపింది.