ఇంట్లో మనిషి ఉన్నట్టు

నలభై ఏళ్ళు ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషి, తన సొంతింటి ఇన్సూరెన్స్ కాగితాలు పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా చదవలేదంటే ఎవరూ నమ్మరు. దీపం కిందే చీకటి మరి. కోడిగుడ్డుకు ఈకలు పీకుతుందని ప్రెస్సులో పేరు తెచ్చుకున్న ఆవిడ, ఆ పాలసీ పుస్తకాన్ని ప్లాస్టిక్ కవరుతో సహా బీరువా అడుగున పడేసి నిశ్చింతగా ఉండిపోయింది. చుట్టుపక్కల వాళ్ళకు ఆవిడ పిన్నిగారు. చాటున మాత్రం ఎర్ర పెన్సిలు పిన్నిగారు. మందుల షాపు బోర్డు మీదైనా సరే, గేటు పక్కన నోటీసు బోర్డు మీదైనా సరే, అక్షరం తప్పు కనిపిస్తే ఆవిడ చెయ్యి ఊరుకోదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఇల్లు తడిశాక ఆ పుస్తకం బయటికొచ్చింది. వేరే ఊళ్ళో ఉన్న అక్కకు తుంటి ఎముక విరిగితే పిన్నిగారు సాయం వెళ్ళింది. నలభై ఒక్క రోజుల తర్వాత తిరిగొచ్చి తాళం తీసేసరికి నేల మీద చీలమండల దాకా నీళ్ళు. వంటగదికీ పడకగదికీ మధ్య గోడలో పైపు పగిలింది. నీళ్ళు వెనక గుమ్మం కిందుగా కాలవలోకి పోతున్నాయి కాబట్టి ఎవరికీ తెలియలేదు. మంచం కోళ్ళు ఉబ్బాయి, నేల పలకలు లేచిపోయాయి, గోడ నడుమెత్తు దాకా నానిపోయింది.

నాలుగో రోజున ఇన్సూరెన్స్ సర్వేయరు వచ్చాడు. నిద్ర చాలని కళ్ళతో, తడవని ఒకే ఒక్క కుర్చీలో కూర్చున్నాడు.

"మీ పాలసీలో రెండు భాగాలున్నాయండి. ఒకటి కట్టడం, అంటే గోడలూ నేలా పైకప్పూ. రెండోది లోపలి సామాను. కొంతమంది మొదటిది తీసుకుని రెండోది వదిలేస్తారు. మీకు రెండూ ఉన్నాయి. పైపు హఠాత్తుగా పగిలితే ఇస్తారు. ఏళ్ళ తరబడి చెమ్మ దిగితే ఇవ్వరు, అది ఇంటివాళ్ళు చూసుకోవాల్సిన పని. మీది హఠాత్తుగా పగిలిందే, మరక చూస్తే తెలుస్తోంది. రెండు మూడు రోజులు పారి ఉంటుంది."

పిన్నిగారి ప్రాణం కుదుటపడింది.

"మీరు ఊళ్ళో లేరన్నారు. ఎన్నాళ్ళు?"

"నలభై ఒక్క రోజులు."

సర్వేయరు కలం ఆగిపోయింది. పాలసీ పుస్తకం తీసి, పంతొమ్మిదో పేజీ ఆవిడ ముందు పెట్టాడు. ఇల్లు వరుసగా ముప్పై రోజులకు మించి ఖాళీగా ఉంటే, ఆ సమయంలో నీళ్ళ వల్ల జరిగిన నష్టానికి పరిహారం ఉండదు. అచ్చుతప్పు ఒక్కటి కూడా లేని వాక్యం. అది చదివి ఆవిడ రెండో మాట మీద వేలు పెట్టింది.

"వరుసగా అని ఉంది బాబూ. నేను మధ్యలో వచ్చాను. పంతొమ్మిదో రోజు సాయంత్రం. కళ్ళజోడు కాడ విరిగితే ఇంట్లో ఉన్న ఇంకోటి తీసుకుందామని వచ్చి, ఆ రాత్రి ఇక్కడే పడుకుని, తెల్లారి మొదటి బస్సుకు వెళ్ళాను."

"అలాగైతే వరుస తెగినట్టే. బస్సు టిక్కెట్టు ఉందా?"

"దిగగానే చెత్తబుట్టలో వేశాను."

"మీ అక్కగారు..."

"బయల్దేరానని చెబుతుంది. చేరానని దానికేం తెలుసు?"

"ఎవరైనా చూసుంటారు కదండీ. ఒక్కరు చాలు. శుక్రవారం రిపోర్టు పంపాలి, ఆ లోపల చెప్పండి."

ఇన్సూరెన్సు రాకపోతే ఆ నేల మళ్ళీ వేయించడం ఆవిడ వల్ల కాదు. అక్క కొడుకు అప్పుడే ఫోన్లో అనేశాడు, ఆ ఇల్లు అమ్మేసి మా వెనక గదిలో ఉండు పిన్నీ, అని. మంచివాడే. కానీ ఆ గదిలో ఇస్త్రీ బల్లా పాత సూట్‌కేసులూ ఉంటాయి. వాటి పక్కన తనూ ఒక సామానులా సర్దుకోవాలి. పిన్నిగారికి తన తలుపు, తన తాళం కావాలి. వాటికోసమే సాక్షిని వెతకడానికి బయల్దేరింది.

పై వాటాలో పళ్ళ డాక్టరు భార్య తలుపు తీసి, "మీరు ఊరెళ్ళారా పిన్నిగారూ? ఎప్పుడు?" అంది.

పక్క వాటాలో లెక్కల టీచరు ఇంకా ఆశ్చర్యపోయింది. "ముందుగదిలో లైటు వెలుగుతూనే ఉందిగా. లోపల ఏదో చదువుకుంటున్నారనుకున్నాం."

దొంగల భయంతో ఆ లైటు వెలిగించి వెళ్ళింది పిన్నిగారే. దొంగలు మోసపోయారో లేదో కానీ, ఇరుగుపొరుగు మాత్రం నిక్షేపంగా మోసపోయారు. నలభై ఒక్క రోజులు తను లేకపోయినా తను ఉన్నట్టే గడిచిపోయింది. ఉన్నప్పుడు కూడా ఇంతేనన్నమాట. ఆ సంగతి మెట్ల దగ్గర తట్టి ఆవిడకు ఏడుపొచ్చింది. గోడలకు చెవులుంటాయంటారు, నోళ్ళు కూడా ఉంటే ఎంత బాగుండేదో.

విషయమంతా విన్నాక టీచరు తేలిగ్గా తీసిపారేసింది. "ఆ రోజు మిమ్మల్ని చూశానని రాసిచ్చేస్తాను, పోయేదేముంది. మీరు వచ్చిన మాట నిజమే కదా." అక్కడికక్కడే రాసి సంతకం పెట్టి చేతిలో పెట్టింది.

గేటు దాకా నడుస్తూ పిన్నిగారు ఆ ఉత్తరం చదువుకుంది. గుండ్రని అక్షరాలు. ఎక్కడా ఒత్తు తప్పలేదు, దీర్ఘం తప్పలేదు. అక్షరాలన్నీ ఒప్పే, విషయమొక్కటే తప్పు. అలాంటి తప్పును ఏ గుర్తుతో దిద్దాలో ప్రెస్సులో ఎవరూ నేర్పలేదు. ఇవ్వనా, మాననా అనుకుంటూ నోటీసు బోర్డు ముందు నిలబడిపోయింది. అక్కడ కొత్త కాగితం ఉంది. 'సాయంత్రం నాలుగు గంటలకి నీల్లు వదలబడును.' పెన్సిలు సంచీలోనే ఉంది, చెయ్యి మాత్రం లేవలేదు.

"ఇవాళ దిద్దలేదేంటండీ?"

మోటారు గది గుమ్మంలో పంపాయన నిలబడి ఉన్నాడు. మోటారు వేసేదీ, నోటీసులు రాసి అంటించేదీ ఆయనే. అరవై దాటిన మనిషి, ఆ గదిలోనే ఒక్కడే ఉంటాడు. ఇన్నేళ్ళలో ఇద్దరూ పట్టుమని పది మాటలు మాట్లాడుకున్నది లేదు.

పిన్నిగారు మొత్తం చెప్పేసింది. చెప్పకుండా ఉండలేకపోయింది. ఆయన లోపలికెళ్ళి ఒక రేకు డబ్బా తెచ్చి మూత తీశాడు. నిండా పాత నోటీసులు. ప్రతి దాని మీదా ఎర్ర గీతలు.

"పారేయబుద్ధి కాలేదండీ," అన్నాడు. తర్వాత వాటిలోంచి ఒకటి తీసి ఇచ్చాడు. 'ట్యాంకు మరమ్మత్తు వల్ల రేపు ఉదయం నీల్లు రావు.' పైన, పిన్నిగారు మధ్యలో వచ్చిన రోజు తేదీ, అంటించిన టైము ఆయన రాతలోనే ఉన్నాయి. మరమ్మత్తులో ఎక్కువైన తకారం ఒత్తు కొట్టేసి ఉంది. నీల్లు నీళ్ళయ్యాయి. ఎర్ర పెన్సిలుతో.

అవును, ఆ సాయంత్రం చీకటిపడుతుండగా సంచీ భుజాన వేసుకునే దిద్దింది. అలవాటుగా చేసిన పని, గుర్తు కూడా లేదు.

"సాయంత్రం ఆరింటికి అంటించి, మర్నాడు పదింటికి తీసేశాను. అంతకుముందు రెండు వారాల పైన నా తప్పులన్నీ అలాగే ఉండిపోయాయి. మీరు లేరనుకున్నాను. ఇది దిద్ది ఉండేసరికి వచ్చారనుకున్నాను. మళ్ళీ తప్పులు అలాగే ఉన్నాయి. వెళ్ళిపోయారనుకున్నాను."

పిన్నిగారు ఆ నోటీసు మడిచి సంచీలో పెట్టుకుంది. తర్వాత ప్రూఫు చూసే కళ్ళతో డబ్బాలోకి చూసింది. "నీళ్ళని ఎన్నిసార్లు దిద్దాను. ఒక్కసారైనా నేర్చుకోలేదేం?"

ఆయన మూత బిగిస్తూ, "మొదట్లో తెలియక రాశానండి," అన్నాడు. "తర్వాత తెలిసే రాశాను."

శుక్రవారం సర్వేయరు ఆ కాగితాన్ని వెలుతురులో పెట్టి చూశాడు. ఆవిడ చేత అదే పెన్సిలుతో అవే అక్షరాలు రాయించుకున్నాడు. పంపాయన వాంగ్మూలం తీసుకుని సంతకం పెట్టించుకున్నాడు. పై వాళ్ళు ఒప్పుకోవడానికి నెల పట్టింది కానీ, ఒప్పుకున్నారు. టీచరు ఉత్తరం పిన్నిగారు అంతకుముందే తిరిగిచ్చేసింది, "దస్తూరీ బాగుందమ్మా," అని.

నేల పని మొదలైన రోజు పొద్దున్నే గేటు దగ్గర కొత్త నోటీసు కనిపించింది. పిన్నిగారు పెన్సిలు తీసింది. చదివింది, మళ్ళీ చదివింది. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. మరమ్మతు మరమ్మతులాగే ఉంది. వెతికినా ఒక్క తప్పు లేదు. దొరికిపోయానని సిగ్గుపడ్డాడు కాబోలు, పంపాయన మోటారు గది తలుపు దగ్గరగా వేసుకుని ఉన్నాడు. ఆవిడకు ఆ లైటు వెలిగిన నలభై ఒక్క రోజులూ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

నోటీసు కింద ఖాళీ జాగాలో ఎర్ర పెన్సిలుతో ఇలా రాసింది. 'చదివాను. ఇంట్లోనే ఉనాను.'

నకారానికి ఒత్తు పెట్టకుండానే పెన్సిలు సంచీలో వేసుకుని ఇంటికి వెళ్ళిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ తెలిసి రాసిన తప్పు అదొక్కటే.