కాటుక వేలిముద్రలు

గాజుల బీజాన్ ఆ రోజు సరస్వతి చెయ్యి వదిలేసిన సంగతి ఆమెకూ, ఆ పిల్లకూ తప్ప ఇంకెవరికీ తెలియదు.

అది 1957 డిసెంబరు. ఆళ్లగడ్డకు మూడు మైళ్ల దూరంలో, నంద్యాల పోయే రోడ్డు మీద ఉంది తుమ్మలబావి. బడి, పంచాయతీ ఆఫీసు, అంగళ్లు అన్నీ ఊళ్లో ఉన్నాయి. కూలి నాలి చేసుకునే వాళ్లంతా పేటలో ఉంటారు. పేట నుంచి ఊళ్లోకి రావాలంటే రోడ్డు మీద మూడు వందల అడుగులు కాలువ పక్కన నడవాలి. ఒకప్పుడు రోడ్డుకు ఎడమ వైపు మనుషులు నడిచే మట్టిబాట ఉండేది. రెండేళ్ల కిందట పంచాయతీ బోర్డు ప్రెసిడెంటు సుబ్బయ్య తన పత్తి మిల్లు చుట్టూ నాపరాళ్లతో గోడ కట్టించాడు. ఆ గోడ బాటనంతా కలుపుకొని రోడ్డు అంచు దాకా వచ్చింది. అప్పటి నుంచి ఒక పక్క గోడ, ఇంకో పక్క నిండు కాలువ. మధ్యలో ఉండగా లారీ వస్తే మనిషి నిలబడేందుకు జానెడు చోటు లేదు.

పేట జనం ఆ మూడు వందల అడుగులూ పరుగెత్తేవాళ్లు. ముందు చెవి రోడ్డుకు పెట్టి వినేవాళ్లు, మోత వినపడకపోతే బిడ్డలను చంకనెత్తుకొని ఒక్క పరుగు తీసేవాళ్లు. నెత్తిన గాజుల గంపతో బీజాన్ పరుగెత్తలేకపోయేది. గోడకు భుజం రాసుకుంటూ, దేవుణ్ణి తలచుకుంటూ వడివడిగా నడిచేది.

ఆ పొద్దు బడికి పోతున్న సరస్వతి ఆమె చెయ్యి పట్టుకుంది. తొమ్మిదేళ్ల పిల్ల. పేటలోని బండి తోలే నరసింహులు కూతురు. సగం దూరం వచ్చేసరికి వెనక నుంచి పత్తి కుక్కిన బోరాల లారీ వచ్చింది. దాని గాలికి నెత్తి మీది గంప ఒరిగింది. బీజాన్ రెండు చేతులతోనూ గంపను పట్టుకుంది. అంతే. పిల్ల బెదిరిపోయి కాలువ వైపు దూకబోయింది. లారీ వెనక చక్రం ఆమె ఎడమ పాదం మీద నుంచి పోయింది.

నంద్యాల ఆసుపత్రిలో నెల రోజులుంచి, పాదం తీసేసి పంపించారు.

పిల్ల ఇంటికి వచ్చాక బీజాన్ ఆ గడప వైపు పోలేకపోయింది. తిండి ముట్టేది కాదు. మొగుడు ఇమాం సాహెబ్ సుబ్బయ్య మిల్లులోనే దూది పని చేస్తాడు. "నీకేం కాలేదు కదమే, ఎందుకట్లయినావు?" అని అడిగేవాడు.

ఒక ఆదివారం ఆమె బడిపంతులు జయరాజు ఇంటికి పోయింది.

"సారూ, ఆ గోడ ఎనక్కి జరపమని కాయితం రాసియ్యి."

జయరాజు వీధి వైపు చూసి తలుపు దగ్గరగా వేశాడు. "రాస్తానమ్మా. నా సంతకం మాత్రం అడగద్దు. నన్ను యాడికో మార్పించేస్తారు. ఒకరిద్దరి పేర్లుంటే చించి పారేస్తారు. పేటంతా ఏలిముద్రలెయ్యాల. వేయిస్తావా?"

ఆమె తలూపి, ఆయన రాసిచ్చిన అర్జీ తీసుకొని ఇంటికి వచ్చింది. అర్జీలో పెద్ద మాటలేమీ లేవు. మిల్లు గోడను ఆరడుగులు వెనక్కి జరిపి బాట ఇప్పించమనీ, కాలువ గట్టున రాళ్లు నాటించమనీ పంచాయతీ బోర్డు వారిని వేడుకోవడం. బోర్డు ప్రెసిడెంటు సుబ్బయ్య. గోడా సుబ్బయ్యదే.

పేటలో మగవాళ్లు ఆ కాయితం పేరెత్తితేనే మొహం తిప్పుకున్నారు. సగం మంది ఆ మిల్లు కూలీలు, మిగిలిన సగం మంది ఆయన పొలం కౌలుదారులు. ఇమాం సాహెబైతే ఆమె చెయ్యి గట్టిగా పట్టుకొన్నాడు. "ఆయప్ప మనిషిని కొట్టడు, తిట్టడు. గమ్మున చూస్తాడు. ఆ తర్వాత మన పొయ్యిలో పిల్లి పండుకుంటాది. కాల్చెయ్ ఆ కాయితం."

ఆమె కాల్చలేదు. గంప అడుగున పరిచిన గుడ్డ కింద దాచింది.

మొదటి ముద్ర ఎవరిది వేయించాలో ఆమెకు తెలుసు. సరస్వతి ఇంటికి పోయింది. పిల్ల మంచం మీద గోడకు ఆనుకొని కూర్చుంది. తల్లి కమలాక్షమ్మ బియ్యంలో రాళ్లేరుతోంది. పిల్ల బీజాన్‌ను చూసి చూపు పక్కకు తిప్పుకుంది. ఆ పిల్ల ఇన్ని రోజులూ ఎవరికీ చెప్పలేదని బీజాన్‌కు అప్పుడర్థమయింది.

"కమలాక్షమ్మా, పాప చెయ్యి నేనే ఇడిసినా. గంప పడిపోతాదని రెండు చేతులూ పైకి పెట్టినా."

చేట చేతిలోంచి జారింది. కమలాక్షమ్మ లేచి నిలబడింది. "గాజుల కోసమా?" అంది. గొంతు పెద్దది చేయలేదు. "గాజులు పగిలిపోతాయని నా బిడ్డను ఇడిసినావా? లేయ్. నా ఇంట్లోంచి పో."

బీజాన్ బయటికి వచ్చి వీధి చివర కూలబడింది. ఇంక పేటలో ఏ ఇల్లూ తనను గడప తొక్కనివ్వదనుకుంది. ఆ రాత్రి ఇంట్లో నిద్ర లేదు. తెల్లవారి, పొయ్యి కూడా వెలిగించకముందే కమలాక్షమ్మ వచ్చి బీజాన్ వాకిట్లో నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్లు ఉబ్బాయి.

"రాత్రంతా పాపను అడిగినా. 'గాజులక్క పట్టుకొనుంటే ఇద్దరమూ పడిపోయేవాళ్లమే అమ్మా, ఆడ నిలబడేకి యాడుంది జాగా' అనింది. నిన్ను మన్నించినా అని చెప్పలేను బీజానూ. నా కడుపు మండుతానే ఉండాది. అయినా కాయితం తే."

సిరా తెచ్చుకోవడానికి భయం. వేలికి నీలం అంటితే మిల్లు దగ్గర పట్టేస్తారు. బీజాన్ కాటుక భరిణె తెరిచి ఆముదం చుక్క కలిపింది. కాటుక అంటిన ఆడవాళ్ల వేలిని ఎవరు అనుమానిస్తారు? కమలాక్షమ్మ బొటనవేలు కాయితం మీద నల్లగా దిగింది.

ఆ పది రోజులూ బీజాన్ ఇంటింటికీ తిరిగింది. మొగవాళ్లు పనికి పోయాక ఆడవాళ్లు గాజులకు చేతులు చాచేవాళ్లు. ఆమె ఆ చేతిని మెత్తగా నొక్కి గాజు ఎక్కిస్తూ, చెవి దగ్గర సంగతి చెప్పేది. కొందరు చెయ్యి వెనక్కి లాక్కున్నారు. ఒకామె సగం గాజులతోనే లోపలికి పోయి గొళ్లెం పెట్టుకుంది. ఎక్కువమంది మాత్రం వీధి వైపు ఒకసారి చూసి, వేలు చాచారు. ముద్ర వేశాక ఆ వేలిని గబగబా తలకు రుద్దుకున్నారు. అరవై మూడు ముద్రలయ్యాయి.

అప్పుడే సుబ్బయ్య ఇంటి నుంచి కబురు వచ్చింది. కోడలు లీలావతికి శ్రీమంతం, గాజులు తొడగాలి, వెంటనే రమ్మన్నారు.

కాయితం ఇంట్లో దాచిపెట్టే వ్యవధి లేదు. వచ్చిన జీతగాడు వాకిట్లోనే నిలబడ్డాడు. బీజాన్ గంపెత్తుకొని అతని వెంట నడిచింది. సుబ్బయ్య ఇంటి ముందు పంచలో కుర్చీలో కూర్చొని ఉన్నాడు. బక్కపల్చని మనిషి. గొంతు నెమ్మది.

"బీజానూ, బాగుండావా?"

"ఉండానప్పా."

"పేటలో ఏందో కాయితం తిరుగుతాందంట. నువ్వు ఇల్లిల్లూ తిరిగేదానివి. నీ కంట పడలేదా?"

"నాకు చదువు రాదు గదప్పా," అంది ఎట్లాగో.

ఆయన చాలాసేపు ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత వంగి గంప మీది గుడ్డ ఎత్తాడు. "పచ్చగాజులు ఏవి? చూడనీ." ఆయన వేళ్లు గాజుల మధ్యకు దిగాయి. ఇంకో రెండు వరసలు తీస్తే అడుగు గుడ్డ.

లోపలి నుంచి ఆయన భార్య అరిచింది. "కడుపుతో ఉండే పిల్లకేసే గాజుల్లో మొగోళ్లు చెయ్యి పెడతారా? శుభమా అని పిలిపిస్తే! రామ్మా లోపలికి."

సుబ్బయ్య చెయ్యి తీసేశాడు.

లోపల లీలావతి పీట మీద కూర్చుంది. నంద్యాలలో ఎనిమిదో తరగతి దాకా చదివిన పిల్ల. అత్త పసుపు నీళ్లు తేవడానికి పోయినప్పుడు తనకు నచ్చిన గాజులను తానే వెతుక్కుంటూ గుడ్డ మడత లాగింది. కాయితం బయటపడింది. ఆపేందుకు బీజాన్‌కు చెయ్యి ఆడలేదు. లీలావతి రెండు పుటలూ చదివింది. నల్ల ముద్రల మీద వేలు పెట్టి చూసింది.

"అమ్మీ, నీ కాళ్లు పట్టుకుంటా," అంది బీజాన్ గుసగుసగా.

లీలావతి కాయితం మడిచి మళ్లీ గుడ్డ కింద పెట్టింది. "నా ఏలు ఎయ్యలేనక్కా. ఈ ఇంట్లో బతకాల నేను." ద్వారం వైపు చూసింది. "వచ్చే బేస్తవారం మీటింగుకు నంద్యాల నుంచి పంచాయతీల ఆఫీసరు వస్తాండాడంట. మామ చెప్తాంటే విన్న్యా. ఆ పొద్దు ఆయన చేతికే ఇయ్యి. వట్టి రోజు ఇస్తే ఆ కాయితం ఉండదు."

అత్త పసుపు నీళ్లతో వచ్చింది. బీజాన్ పంచ వైపు చెవి పెట్టుకొనే రెండు డజన్ల గాజులు తొడిగింది. ఒక్కటీ చిట్లలేదు. అది ఎట్లా సాధ్యమయిందో ఆమెకు తర్వాత కూడా అంతుపట్టలేదు.

బేస్తవారం పొద్దున్నే జయరాజు జ్వరమని కబురు పంపాడు. మీటింగులో కాయితం ఆయనే చదివి వినిపిస్తానని అంతకుముందు ఎట్లాగో ఒప్పుకున్నాడు. ఇంక బీజానే పోవాలి. కమలాక్షమ్మ తోడు వచ్చింది. ఇంకో ఇద్దరు ఆడవాళ్లు ఆఫీసు మెట్ల దాకా వచ్చి ఆగిపోయారు.

లోపల బెంచీల మీద మెంబర్లు. నడుమ కుర్చీలో కళ్లద్దాల ఆఫీసరు. పక్కనే సుబ్బయ్య.

"ఏందీ, ఈడ గాజులమ్మేకొచ్చినావా?" అన్నాడొక మెంబరు. అందరూ నవ్వారు. సుబ్బయ్య నవ్వలేదు.

బీజాన్ నేరుగా పోయి కాయితం ఆఫీసరు ముందు పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి గోడకానుకుంది. ఆయన చదివాడు. కాయితం తిప్పి వేలిముద్రలు చూశాడు.

"ఇవి ఏ సిరాతో వేశారు?"

"ఒకామె కూర్చొని అన్నీ తనే ఏసుకున్నట్లుండాది సార్," అన్నాడు సుబ్బయ్య నెమ్మదిగా. "ఆ రోడ్డుకేం తక్కువ? ఆ పిల్ల తనంతట తానే కాలు జారింది."

కమలాక్షమ్మ పళ్ల మధ్య నుంచి ఏదో శబ్దం చేసింది. ఆఫీసరు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కాయితం మడిచాడు. "దూరమెంత? పోయి చూద్దాం పదండి."

అందరూ బయలుదేరారు. గోడ పక్కకు రాగానే బీజాన్ అలవాటుగా ఆగి చెవి రిక్కించింది. "ఏం?" అన్నాడు ఆఫీసరు. "లారీ వస్తాందేమో వినాల సారూ," అంది. ఆయన పట్టించుకోకుండా ముందుకు నడిచాడు. సుబ్బయ్య ఆయన పక్కన ఏదో చెబుతూ నడిచాడు. సగం దూరంలో ఆఫీసరు ఆగి, గోడకూ రోడ్డుకూ మధ్య జాగాను చేత్తో కొలవబోయాడు.

ముందు బీజాన్‌కే వినపడింది. వెనక ఆళ్లగడ్డ వైపు నుంచి మోత. ఆ వెంటనే ఎదురుగా బస్సు హారను.

"గోడకు అతుక్కోండి! సారూ, గోడకు!" ఆమె ఆఫీసరు చొక్కా పట్టుకొని గోడ మీదికి నెట్టింది. "మొహం తిప్పు! ఊపిరి బిగబట్టు!"

లారీ, బస్సు రెండూ ఒకేసారి వచ్చాయి. బస్సును తప్పించుకోవడానికి లారీ గోడ వైపు మళ్లింది. పత్తి బోరాలు వాళ్ల వీపులను రాసుకుంటూ పోయాయి. వేడి గాలి, దుమ్ము, చెవులు పగిలే మోత. ఎవరో ఆమె రెక్కను గోళ్లు దిగేలా పట్టుకున్నారు. అమ్మా, అమ్మా అని ఒకటే కేక. అంతా పోయాక ఆమె తల తిప్పింది. ఆమె చెయ్యి పట్టుకొని ఉన్నది సుబ్బయ్య. కళ్లు మూసుకొని ఉన్నాడు. పెదవులు ఇంకా కదులుతున్నాయి.

గోడ మొదట్లోనే ఆగిపోయిన కమలాక్షమ్మ కాలువ గట్టున కూర్చొని గుండెలు బాదుకుంటూ ఏడుస్తోంది. ఆఫీసరు కళ్లద్దాలు రోడ్డు మీద పడి నలిగిపోయాయి. చాలాసేపు ఆయన గోడను వదలలేదు. వదిలాక జేబులోంచి పెన్సిలు తీశాడు. అది రెండుసార్లు కింద పడింది. కాయితం మీద ఏదో రాసి, కళ్లకు దగ్గరగా పెట్టుకొని చూసుకొని, సుబ్బయ్య చేతికిచ్చాడు.

"ఈ పొద్దే తీర్మానం చెయ్యండి. పదిహేను రోజుల్లో మళ్లీ వస్తాను."

సుబ్బయ్య తీర్మానం చేయించాడు. ఆ సాయంత్రమే ఇమాం సాహెబ్‌ను మిల్లుకు రావద్దన్నారు. కారణం చెప్పలేదు. పెళ్లాన్ని అతను ఒక్క మాట అనలేదు. దూదేకే విల్లు భుజాన వేసుకొని, దొర్నిపాడు వైపు పల్లెల్లో పరుపులు కుట్టేందుకు పోయాడు. ఊళ్లోని పెద్దిళ్ల ఆడవాళ్లు బీజాన్‌ను గాజులకు పిలవడం మానేశారు. ఆమె కూడా ఆళ్లగడ్డకు పోయి అమ్ముకోవడం మొదలుపెట్టింది.

ఫాల్గుణంలో గోడ కూల్చారు. మేస్త్రీలు అయిదున్నర అడుగులు వెనక్కి జరిపి కట్టారు. ఆరు కాదు. కాలువ గట్టున రాళ్లు నాటారు. పేట జనం ఆ బాట మీద నడవడం మొదలుపెట్టారు గానీ, చాలా రోజుల దాకా అక్కడికి రాగానే అలవాటుగా పరుగు తీసేవాళ్లు.

ఒక పొద్దున బీజాన్ గంపెత్తుకొని పోతుంటే సుబ్బయ్య గొడుగు వేసుకొని కొత్త గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. చుట్టూ ఎవరూ లేరు.

"బీజానూ, ఆళ్లగడ్డకేనా పోతాండేది?"

"అవునప్పా."

"ఒక్కదానివే పోతాండావే?" ఆయన గొంతు ఎప్పటిలాగే నెమ్మదిగా ఉంది. "ఈ జాగా సాలునా నీకు?"

అది బెదిరింపో, నిజంగా అడగడమో ఆమెకు అర్థం కాలేదు. మొహంలోకి చూసే ధైర్యం లేదు.

"సాలప్పా," అని బాట మీద వడివడిగా నడిచింది. గంపలో గాజులు గలగలలాడుతున్నాయి. వెనక అడుగుల చప్పుడు వినపడుతుందేమోనని ఆళ్లగడ్డ మొదటి ఇళ్లు వచ్చేదాకా వింటూనే ఉంది. వెనక్కి తిరిగి మాత్రం చూడలేదు.