లోపలివైపు

"ముఖం లేదు, ఇల్లు లేదు, చెట్టు లేదు. ఇదేం బొమ్మే?" అన్నారు మా ఆయన. నేను ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. కాలర్ మీద చిన్న ముడత ఉన్నా ఆయన కళ్ళకి ఇట్టే కనిపిస్తుంది. బొమ్మ మాత్రం కనిపించదు.

మొదట ముఖమే వేశాను. మా చెల్లిది. ఆయన ఆఫీసు పనులు చూసుకునే బట్టల ఫ్యాక్టరీలోనే అది కుట్టుపని చేసేది. మంటలు లేచిన రోజు తలుపుకి బయట తాళం ఉంది. పని మధ్యలో ఆడవాళ్ళు బయటికి పోకుండా వేసే తాళం. మా ఇంట్లో దాన్ని 'ఆ ప్రమాదం' అంటారు. తాళం మాటెత్తితే చాలు, "నా ఉద్యోగం కూడా తగలబెడతావా?" అంటారు ఆయన. ఏ మాట వాడారో ఆయనకే తెలియదు. నేను వేసిన ముఖం చూసి అత్తయ్య కళ్ళు తుడుచుకుని, "ఎంత చక్కగా నవ్వుతోందమ్మా! మనసు కుదుటపడింది" అన్నారు. అందరికీ కుదుటపడింది. అందుకే మర్నాడు దాని మీద నల్లరంగు పూసేశాను.

ఆ నలుపు మీదే మళ్ళీ మొదలుపెట్టాను. కుంచె చాలలేదు. గోడలకి వేయగా మిగిలిన రంగు, నేల తుడిచే కర్ర, అంట్లు తోమే పీచు తెచ్చుకున్నాను. గిన్నెలు కడిగాక, మళ్ళీ పొయ్యి వెలిగించేలోపు, వెనక గదిలో ఆ బొమ్మ ఉన్న చెక్క బోర్డు నేలమీద పెట్టి మోకాళ్ళ మీద కూర్చునేదాన్ని. ఎరుపు పూసి, ఆరకముందే పీచుతో బరబరా గీకేదాన్ని. ఎందుకు గీకుతున్నానో మొదట్లో నాకూ తెలియదు. చెల్లి చేతులు ఆ తలుపు మీద ఏం చేసి ఉంటాయో నా చేతులూ అదే చేస్తున్నాయని, గోళ్ళు చిట్లిన రోజున అర్థమైంది.

ఆదివారం మా ఆయన ఫ్యాక్టరీ మేనేజరు టీకి వచ్చాడు. చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్ళినవాడు బోర్డు ముందు ఆగిపోయాడు.

"రంగులు భలే ఉన్నాయే! మా కొత్త ఆఫీసు హాల్లో పెద్ద గోడ ఖాళీగా ఉంది."

"తీసుకెళ్ళండి సార్" అన్నారు మా ఆయన, ముఖం వెలిగిపోతుంటే. "మా ఆవిడ ఖాళీగా ఉన్నప్పుడు ఇలా ఏదో పులుముతూ ఉంటుంది."

ఖాళీగానట! టీ ట్రే ఇంకా నా చేతుల్లోనే ఉంది.

"ఏమిటమ్మా ఇది? సూర్యాస్తమయమా?"

"అవును సార్, సాయంత్రమే" అని నాకు బదులు ఆయనే చెప్పేశారు.

"కాదండీ" అన్నాను. "మీ ఫ్యాక్టరీ తలుపు. లోపలివైపు. తీసుకెళ్తారా?"

మేనేజరు టీ ముట్టకుండానే వెళ్ళిపోయాడు. మా ఆయన గేటు వేసి వచ్చి, "ఒక్క మాట దిగమింగలేకపోయావా? రేపు నా గతేంటి?" అన్నారు. ఆ భయం నిజమే. ఆయన్ని చూస్తే నాకు జాలేసింది కూడా. అయినా క్షమించమని అడగలేదు.

అత్తయ్య వెనక గదిలోకి వెళ్ళి, బోర్డు మీదికి వంగి, ఒక గీత వెంట వేలు పోనిచ్చారు. "ఇంత గట్టిగా కొట్టుకుందా తల్లీ" అన్నారు.

మర్నాడు కొత్త బోర్డు హాల్లో నేలమీద పెట్టాను. సోఫాలు ఎక్కడ పెట్టుకోవాలో ఆయన్నే చూసుకోమన్నాను.