రాళ్లు ఏరినోళ్ల క్లబ్బు

మైదానం అమ్మడానికి ఒప్పుకోని వాళ్లను చేతులెత్తమన్నారు. షామియానా కింద కూర్చున్న అందరి చేతులూ లేచాయి. నూనె మరకలు వదలని మగవాళ్ల చేతులు, నూలు కండెలు చుట్టీ చుట్టీ కాయలు కాసిన ఆడవాళ్ల చేతులు. ఆ తర్వాత ఒప్పుకునే వాళ్లను ఎత్తమన్నారు. వేదిక మీద కుర్చీలో ఉన్న మధుసూదన్‌రావు దొర ఒక్కడే ఎత్తాడు. అదీ పూర్తిగా ఎత్తలేదు. పాన్ తెమ్మన్నట్టు రెండు వేళ్లు పైకి చూపించాడు. పక్కనున్న గుమాస్తా గొంతు సవరించుకుని, తీర్మానం నెగ్గింది, మైదానం అమ్ముతున్నాం అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. కొందరు మనమే గెలిచామనుకుని చప్పట్లు కూడా కొట్టారు. కులసంఘం పెద్ద అంతయ్య చేతికర్ర ఊతంతో లేచాడు.

"దొరా, జర సమజ్ చెయ్యుండ్రి. గింతమందిమి వద్దంటున్నం. మీరొక్కరు అమ్ముదమంటున్నరు. మరి ఎట్ల నెగ్గింది?"

"గిది మీ కుల పంచాది గాదు అంతయ్యా, కంపెనీ. గీడ మనుషులను లెక్కవెట్టరు, షేర్లను లెక్కవెడ్తరు. మీ అందరియి ఒక్కతాన పోసినా నాయిట్ల సగం గావు." దొర నవ్వాడు. "షేర్లు కొనేటప్పుడు అడుగాలె గదా!"

గుమాస్తా కూడా నవ్వాడు. నవ్వడానికే జీతమిచ్చినట్టు నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మా గోల్‌కీపర్ అంబదాసు మాత్రం నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. ఆ షేర్లు ఇంటింటికీ తిరిగి కొనిపించినవాడు అతనే.

ఇది ఎమర్జెన్సీ పోయిన తర్వాత మూడో ఏటి సంగతి. ధర్మపురికీ చెన్నూరుకూ నడుమ, గోదావరికి కాస్త ఎడంగా ఉంటుంది మా ఊరు. అప్పటికే చేతిమగ్గాలు మూలపడి మరమగ్గాలొచ్చాయి. వాటిని మేం సాంచెలంటాం. సీలింగ్ చట్టం వస్తోందని దొర భూములు కొన్ని అమ్ముకుని సాంచెల షెడ్లు కట్టాడు. దొరతనం పొలం గట్టు దిగి షెడ్డులోకి వచ్చింది, అంతే తేడా. ఇదివరకు వెట్టి అనేవాళ్లు, ఇప్పుడు ఓవర్‌టైమన్నారు.

ఊరి చివర గైరాన్ ఉండేది. పశువులు మేసే సర్కారు జాగా అని పేరే గానీ, మేకలకు కూడా పనికిరాని తుమ్మ ముళ్లు, బండరాళ్ల గుండ్లు. కరువొచ్చిన ఏడు నూలు రాక సాంచెలు బందయ్యాయి. చేతులూరికే పెట్టుకుని కూర్చోలేని జాతి మాది. గడ్డపారలు, తట్టలు పట్టుకుని వెళ్లి ఆ జాగా చదును చేశాం. ఆడా మగా అందరం రాళ్లు ఏరాం. కండెలు చుట్టే సత్తమ్మ కాలి బొటనవేలి మీద గుండు పడి గోరు ఊడింది, మళ్లీ సరిగ్గా రాలేదు. అలా మాకో మైదానమైంది, మా కులదేవుడి పేర మార్కండేయ ఫుట్‌బాల్ క్లబ్బయింది.

ఆదివారం ఆట ఉందంటే ఊళ్లో పొయ్యిలు తొందరగా ఆరేవి. మా వాళ్లు గెలిస్తే సోమవారం పొద్దున షెడ్డులో అందరి మొహాలూ వెలిగేవి. ఓడితే ఎవడి పోగు తెగినా ఫార్వర్డునే తిట్టేవాళ్లం. వారమంతా వంగిన నడుములు అక్కడే నిటారుగా అయ్యేవి. ఆసిఫాబాద్‌లో కప్పు గెలిచిన రోజు అంబదాసును భుజాల మీద ఊరంతా తిప్పాం. అప్పుడే దొరకు మా ఆట మీద ప్రేమ పుట్టింది. జెర్సీలిచ్చి ప్రెసిడెంటయ్యాడు. తహశీలు ఆఫీసులో చెప్పి గైరాన్‌ను క్లబ్బు పేర రాయించాడు. మేం సంబరపడి దండ వేశాం. ఏడాది తిరక్కుండానే క్లబ్బును లిమిటెడ్ కంపెనీ చేసి, అభిమానులు షేర్లు కొనుక్కోవచ్చన్నాడు.

"ఇన్నొద్దులు దొర క్లబ్బు. ఇగ మన క్లబ్బు," అని అంబదాసు ఇంటింటికీ, షెడ్డు షెడ్డుకూ తిరిగాడు. "షేరుంటే మాట ఉంటది. రేపు మనల్ని గాదని ఎవడేం చేస్తడు?" అతను నమ్మాడు కాబట్టే చెప్పాడు. మేం అతన్ని నమ్మాం కాబట్టి కొన్నాం. దొర గుమాస్తాయే ఆ డబ్బును కూలిలో కోసుకున్నాడు. షేరు కాగితాలకు ఫ్రేములు కట్టించి మార్కండేయుడి పటం పక్కన పెట్టుకుని, పసుపు కుంకుమ పెట్టాం.

మా పొరపాటు ఏమిటో చెప్తాను, నవ్వకండి. మా కులసంఘంలో ఇంటికో చందా, ఇంటికో మాట. బంగళా ఉన్నవాడిదైనా, గుడిసె వాడిదైనా ఒకటే మాట. షేరంటే కూడా అలాంటి చందాయే అనుకున్నాం. కాస్త కలిగిన వాళ్లు కూడా ఒకటికి మించి కొనలేదు. రెండు కొంటే పక్కింటివాడిని తక్కువ చేసినట్టవుతుందని ఆగిపోయారు! మేం మర్యాద కోసం కొనకుండా వదిలేసినవన్నీ దొర కొనుక్కున్నాడు. ఇప్పుడా మైదానాన్ని తన బామ్మర్దికే అమ్ముతున్నాడు, సినిమా టాకీసు కట్టడానికి.

ఆ సాయంత్రం మార్కండేయ గుడి ముందర జమయ్యాం. మొదట అంబదాసును కొట్టడానికే ఇద్దరు ముగ్గురు లేచారు. సత్తమ్మ అడ్డం నిలబడింది.

"గీన్ని కొడితే గ్రౌండు వస్తదారా? కొట్టేది ఉంటే దొర గడి దిక్కు పోయి కొట్టుండ్రి. గా దిక్కు పోయేటందుకు కాళ్లు వస్తలెవ్వు గదా?"

వాళ్లు కూర్చున్నారు. అంబదాసు లేచాడు.

"నాదే తప్పు. గని ఒక్క మాట ఇనుండ్రి. అందరం ఇంక కొన్ని కొందం. పుస్తెలు కుదువ వెట్టయినా కొందం. సూరత్ దిక్కు, భీవండి దిక్కు వలసవోయిన మనోళ్లకు కార్డులు రాద్దం. దొర కంటె ఎక్కువ అయినయంటే తీర్మానం తిప్పికొట్టచ్చు."

కొందరు తలలూపారు. నిజం చెప్పొద్దూ, నాకూ కాసేపు బాగానే అనిపించింది. కరీంనగర్ కాలేజీలో చదువుకుంటూ విద్యార్థి సంఘంలో తిరిగే మా ఊరి పిల్లగాడు హనుమంతు అందుకున్నాడు.

"అన్నా, అమ్మేటోడు ఎవడు? దొరనే గదా. నువ్వు కొన్నకొద్ది ఆయన కొత్తయి అచ్చు గుద్దుకుంటడు. ఆయన పైసలు ఎక్కడియి? మన సాంచెలమీదియే. మన చెమటతోని మనల్నే కొంటుండు. గా పందెంల మనం ఎన్నటికి గెలువం."

"మరి కాగితం లేకుంటే కోర్టుల మన మొఖం ఎవడు చూస్తడు తమ్మీ? నువ్వు సదువుకున్నోనివి, నీకు నడుస్తది. కాగితం లేక మా బాపు ఇల్లు వోయింది. నాకెరుక కాగితం ఇలువ." అంబదాసు అరిచాడు.

అంబదాసు అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. కాగితం లేనివాడి గోడు ఈ రాజ్యంలో ఎవడు విన్నాడు? కాగితమున్న మా గోడు మాత్రం ఎవడు వింటున్నాడు? అందరం ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టాం. అరుపుల్లో ఎవడి మాట ఎవడికీ వినిపించలేదు.

సత్తమ్మ కొంగు బిగించి గుడి మెట్టెక్కింది.

"ఆగుండ్రి జర! నేనొకటి అడుగుత, చెప్పుండ్రి. రాళ్లు ఏరినప్పుడు ఎవడన్న షేరు కొన్నడా? ముండ్లు కొట్టినప్పుడు దొర ఒచ్చిండా? గుండు ఎత్తినోనికి మాట లేదు గని, కుర్చీల కూసున్నోనికి మాట ఉన్నదా? గదేం కంపెనీ? గీ గ్రౌండు మనం కొనేదేంది? మనదాన్ని మనమే కొనుడు ఏడన్న ఉన్నదా?"

"గదీ మాట!" అని వెనక నుంచి ఒకరు అరిచారు.

"మన క్లబ్బుకు మన కాయిదా, మన రూలు. రాయి ఎత్తినోళ్లంత మెంబర్లే. రేపు ఒచ్చి తట్టెడు మట్టి మోసినోడు సుత మెంబరే. మనిషికో మాట. ఆడోళ్లకు సుత. ఏం అంతయ్య పెద్దయ్యా, అంటవా?"

ఇంటికో మాట తప్ప ఆడవాళ్ల మాట ఎన్నడూ లెక్కపెట్టని సంఘం మాది. అంతయ్య ఆడవాళ్ల వైపు తిరిగాడు. "అంట బిడ్డా," అన్నాడు. ఆడవాళ్లు వేసిన కేకకు గుడి గంట కూడా మోగినంత పనయింది.

మైదానం అమ్మకం ఆగేదాకా పనిలోకి పోమని, మర్నాడు సాంచెలు ఆపేశాం. పొద్దస్తమానం దడదడలాడే ఊరు చెవుడొచ్చినట్టయింది. సాంచె ఆపినవాడికి మళ్లీ సాంచె దొరకదని దొర చాటింపు వేయించాడు. షావుకార్లు ఉద్దెర ఆపారు, అప్పు మీద గింజ కూడా ఇవ్వలేదు. అంబలి పల్చనైంది. అయినా ఎవడూ షెడ్డు గుమ్మం తొక్కలేదు. దొర బామ్మర్ది పునాది తీయడానికి ట్రాక్టరు తెస్తున్నాడని తెలిసి, అదే రోజున ఆట పెట్టాం. బెల్లంపల్లి బొగ్గుబాయి కార్మికుల టీముకు కబురు పంపాం. ఎన్నోసార్లు మమ్మల్ని ఓడించి మాచేత తిట్లు తిన్నవాళ్లే. ఇప్పుడు లారీ ఎక్కి పాటలు పాడుకుంటూ వచ్చారు. రాగానే వాళ్ల కెప్టెన్ సిద్దిరాములు తట్టెడు మట్టి మోసి, "ఇగ మాది సుత క్లబ్బే," అన్నాడు.

ఎండ చల్లబడుతుండగా ఆట మొదలైంది. మైదానం చుట్టూ జనం. పునాదికి ముగ్గు పోసిన గీతల మీదే బారుగా కూర్చున్నారు. సగం ఆటలో ట్రాక్టరు వచ్చింది, దాని వెనకే పోలీసు వ్యాను. మా గోల్ వైపు నుంచే లోపలికి దారి. ట్రాక్టరుకు అడ్డంగా అంబదాసు గోల్ ముందే నిలబడ్డాడు.

ఎస్సై లాఠీ ఊపుకుంటూ వచ్చాడు. "కంపెనీ ఆస్తి ఇది. అక్రమంగా చొరబడ్డరు. ఖాళీ చేస్తరా, చేపియ్యాల్నా?"

అంబదాసు నడుముకు దోపుకున్న షేరు కాగితం తీశాడు. అప్పటికీ వాడికి దాని మీద ఆశ చావలేదేమో!

"సార్, నేను కంపెనీల షేరుదారుణ్ని. నా ఆస్తిల నేను చొరబడుడేంది?"

ఎస్సై కాగితం చూసి పగలబడి నవ్వాడు. "గిదిగో ఓనర్ సాబ్ ఒచ్చిండు! గీ ముక్క పట్టుకొని గ్రౌండ్ల ఉంటవా? నడువ్, వ్యాను ఎక్కు."

అంబదాసు మొహంలో రంగు మారింది. ఇన్ని రోజులుగా దించుకున్న తల మొదటిసారి ఎత్తాడు.

"గట్లనా? అయితే నువ్వే ఉంచుకో సారూ. గ్రౌండు మాకుండనీ."

కాగితం ఎస్సై చేతిలోనే వదిలేసి, రెండు చేతులూ చాపి గోల్ ముందు నిలబడ్డాడు. లాఠీ దెబ్బ భుజం మీద పడింది. ఇంకోటి మోకాలి మీద పడింది. నలుగురు కానిస్టేబుళ్లు ఈడ్చుకుపోతుంటే వాడు వెనక్కి తిరిగి అరిచాడు. "ఆట ఆపకుండ్రిరా! గోల్ చూసుకోండ్రి!"

వ్యాను తలుపు మూసుకుంది. గోల్ ఖాళీ అయింది. ట్రాక్టరు డ్రైవరు గేరు మార్చాడు. అప్పుడు సత్తమ్మ కొంగు నడుముకు చుట్టుకుని, కుంటుకుంటూ వెళ్లి గోల్ మధ్యలో నిలబడింది. ఆమె పక్కన ఇంకో కండెల ఆడమనిషి. ఆమె పక్కన అంతయ్య. కర్ర ఆనించుకుని ఆ ముసలాయన కూడా! ఆ తర్వాత ఎవరొచ్చారో చెప్పలేను, ముగ్గు గీతల మీద కూర్చున్న వాళ్లందరూ లేచి వచ్చారు. ఈ కంబం నుంచి ఆ కంబం దాకా నిండిపోయి, వెనక వరుసలు కట్టారు. నేనూ, మా టీమూ, బొగ్గుబాయి టీమూ వెళ్లి వాళ్లతో కలిశాం. డ్రైవరు మా మొహాలు చూశాడు, ఎస్సై మొహం చూశాడు, ఇంజను బంద్ చేసి కిందికి దిగాడు.

"నా తోని గాదు సార్," అన్నాడు.

ఎస్సై పిచ్చెక్కినట్టు అరుస్తున్నాడు. అందర్నీ ఎక్కిస్తానంటున్నాడు. ఎక్కించడానికి వ్యాను ఒక్కటే ఉంది. సిద్దిరాములు బంతి తెచ్చి మైదానం నడుమ పెట్టాడు. పెట్టి మా వైపు చూసి, అంత గొడవలోనూ నవ్వాడు.

"ఏందక్కా, గోల్‌ల ఒక్కరే ఉండాలె. గింతమంది నిలవడితే ఆట ఎట్లయితది?"

"ఒక్కడు నిలవడితే ఎత్కపోయిండ్రు గదనయ్యా," అంది సత్తమ్మ. "ఇగ గిట్లనే ఆడుతం. నువ్వు కొట్టు."