కోటు చూసి పెట్టుకున్న లాయరు

లాయరును కోటు చూసి ఎంచుకున్న ఘనుడు ఈ భూమ్మీద మా ఆయన ఒక్కడే అయుంటాడు. ముప్పై ఏళ్ళు కోట్లు కుట్టాడు కదా, మనిషి కంటే ముందు భుజం కుట్టు కనబడుతుంది. ఎదుటివాడి మొహం గుర్తుండదు గానీ, వాడి కాలరు ఎటు ఒరిగిందో పదేళ్ళయినా చెబుతాడు. మా వీధిలో అందరూ ఆయన్ని కోటు మాస్టారంటారు. ఆ పిలుపు వింటే ఇప్పటికీ నడుం నిటారుగా పెడతాడు.

ఇప్పటికీ అని ఎందుకన్నానంటే, ఆయన కోటు కుట్టి రెండేళ్ళు దాటింది. మెడలో ఎముకలు అరిగి చేతుల్లోకి వెళ్ళే నరాలు నలిగిపోయాయి. ఆపరేషన్ చేశారు, వేళ్ళు మాత్రం తిరిగి రాలేదు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటాడు. సూది ఎప్పుడు జారిపోయిందో ఆయనకే తెలియదు. చొక్కా బొత్తాలు రోజూ నేనే పెడతాను. నేను పెడుతున్నంతసేపూ ఆయన నా మొహం చూడకుండా పైకప్పు చూస్తూ నిలబడతాడు. ఆ సంగతి మేమిద్దరం ఏనాడూ మాట్లాడుకోలేదు. బయటివాళ్ళ మాట దేవుడెరుగు, ఆయన సొంత చెల్లెలిక్కూడా తెలియనివ్వలేదు.

ఇలాంటివాళ్ళకి నెలనెలా భత్యం ఇచ్చే ఆఫీసు ఒకటుంది. ఇవ్వకుండా ఉండటానికి ఎంత కష్టపడాలో అంతా పడుతుంది పాపం. దరఖాస్తు పెడితే పరీక్షకు రమ్మన్నారు. ఆఫీసుకు వెళ్ళేటప్పుడు మనిషి మనిషిలా ఉండాలని మా ఆయన పట్టు. నేనూ తక్కువదాన్నేం కాదు. గడ్డం గీసి, చొక్కాకు గంజి పెట్టి ఇస్త్రీ చేసి, కోటు బొత్తాలన్నీ పెట్టి, బూట్ల తాళ్ళు బిగించి పెళ్ళికొడుకులా తీసుకెళ్ళాను. నన్ను బయట బెంచీ మీద కూర్చోమన్నారు. లోపల ఒకావిడ కంప్యూటర్‌లోకి చూస్తూ పది నిమిషాలు ప్రశ్నలడిగిందట. మీ పనులు మీరు చేసుకోగలరా అంటే మా ఆయన, ఏదో నెట్టుకొస్తున్నానండీ అన్నాడట. పరాయి ఆడమనిషి ముందు, నా పెళ్ళాం బొత్తాలు పెడుతుందని చెబుతాడా? ప్రాణం పోయినా చెప్పడు.

నెల తిరక్కుండా దరఖాస్తు కొట్టేశారు. అప్పీలు చేసుకోవచ్చని ఉత్తరం అడుగున చీమల్లాంటి అక్షరాల్లో రాశారు. అదీ పోతే ఇక అడగడానికి చోటు లేదు. బట్టల షాపులో పొద్దంతా నిలబడి నేను తెచ్చే జీతం అద్దెకు పోతుంది. తర్వాత అమ్మడానికి ఇంట్లో మిగిలింది ఆయన మిషను ఒక్కటే. దాని మీద దుమ్ము పడనివ్వకుండా ఆయన రోజూ మోచేత్తో తుడుస్తూ ఉంటాడు.

మా ఆడపడుచు ఆసుపత్రిలో నర్సు. ఇలాంటి కేసులే చూసే లాయరొకాయన ఉన్నాడు, వెళ్ళండి వదినా అని అడ్రసు ఇచ్చింది. సైకిళ్ళ షాపు మీద ఇరుకు గది. అందులో ఫైళ్ళ మధ్య పొట్టి మనిషి, పెన్ను మూత కొరుకుతూ. కోటు చేతి లోపలి గుడ్డ ఊడి బయటికి వేలాడుతోంది. మా ఆయన కూర్చోను కూడా లేదు. మళ్ళీ వస్తామని చెప్పి నన్ను మెట్ల మీదికి లాక్కొచ్చాడు.

"తన కోటే తనకు పట్టనివాడికి నా కేసేం పడుతుంది?" అన్నాడు.

ఆ మాట నాకూ సబబుగానే తోచింది. మాది కోటు మాస్టారి ఇల్లు, మా బుద్ధులు అంతవరకే.

మర్నాడు పెద్ద రోడ్డు మీద అద్దాల తలుపుల ఆఫీసుకు వెళ్ళాం. ఆ లాయరు లేచి నిలబడగానే మా ఆయన కళ్ళు మెరిశాయి. కాలరంతా చేతి కుట్టేనని నా చెవిలో గొణిగాడు. అంతే, వకాల్తా మీద వేలిముద్ర వేసేశాడు. సంతకం చెయ్యలేక వేలిముద్ర వేస్తున్న మనిషిని ఆ మహానుభావుడు ఎందుకని కూడా అడగలేదు. మా భుజాలు తట్టి, నిశ్చింతగా ఉండండన్నాడు. ఆ తర్వాత ఆయన్ని మేము చూస్తే ఒట్టు. ఎప్పుడు ఫోన్ చేసినా మీటింగులోనే ఉండేవాడు.

విచారణకు పది రోజులున్నాయనగా నేనే వెళ్ళి, కాగితాలు చూపిస్తేగానీ కదలనని కూర్చున్నాను. అప్పీలంతా కలిపి ఒక్క పేజీ. కాలు విరగడం వల్ల నడవలేని స్థితిలో ఉన్నారట మా ఆయన. ఎవరిదో కేసు తెచ్చి పేరు మార్చి దించేశారు. ఒళ్ళు మండిపోయి ఫైలు లాక్కుని ఇంటికొచ్చాను.

"మీ చేతి కుట్టు లాయరు మీ కాలు విరగ్గొట్టాడు" అన్నాను.

ఆయన మిషను దగ్గరికి వెళ్ళి అటు తిరిగి కూర్చున్నాడు.

ఇక సిగ్గూ శరం పక్కన పెట్టి సైకిళ్ళ షాపు మెట్లు నేనొక్కదాన్నే ఎక్కాను. ఎందుకు వెళ్ళిపోయారు, ఎందుకు మళ్ళీ వచ్చారు అని ఆ పొట్టి లాయరు అడగలేదు. ఫైలు తీసుకుని నా ఎదురుగానే మొదటి కాగితం నుంచి చదవడం మొదలుపెట్టాడు. గంటన్నర పట్టింది. ఒకచోట ఆగి, పైకి చదివాడు. పరీక్ష చేసినావిడ రాసింది. "పొందికగా బట్టలు వేసుకుని వచ్చారు. కోటు బొత్తాలు, బూట్ల తాళ్ళు సరిగ్గా ఉన్నాయి. వేళ్ళు బాగానే పనిచేస్తున్నాయని దీన్నిబట్టి తెలుస్తోంది."

పెన్ను మూత నోట్లోంచి తీసి నా వైపు చూశాడు.

"ఈ బొత్తాలు ఎవరు పెట్టారమ్మా?"

అప్పటిదాకా ఆఫీసును తిట్టాను, అద్దాల లాయరును తిట్టాను, కోట్లు చూసి మురిసే మొగుణ్ణి తిట్టాను. దరఖాస్తు కొట్టేయించింది నా ఇస్త్రీపెట్టె. నేనేనండీ అని చెప్పాను. రోజూనా అన్నాడు. రోజూ అన్నాను. అది ఇంకొకరికి చెప్పడం అదే మొదటిసారి, చెప్పాక ఏడుపొచ్చింది.

కాలు విరిగిన కాగితం తీయించి సరైన అప్పీలు వేస్తానని, కొత్త వకాల్తా మీద మా ఆయన వేలిముద్ర వేయించుకు రమ్మన్నాడు లాయరు. విచారణకు కూడా ఆయన్ని అలాగే తయారుచేసి తీసుకురమ్మన్నాడు. దొంగ వేషాలేమీ వద్దన్నాడు. లోపల ఆయన్ని ఒక్క పని చెయ్యమంటాను, మీరు మాత్రం కుర్చీలోంచి లేవకూడదు, ముందుగా ఆయనకు చెప్పకూడదు అన్నాడు. ఆ పనేమిటో నాకు అర్థమైంది. అయినా ఇంట్లో నోరు మెదపలేదు.

విచారణ గదిలో పొడుగాటి బల్ల, దాని వెనక ముగ్గురు. నడుమ కూర్చున్న పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుని కానివ్వమంది. మా లాయరు లేచాడు. ఆ లోపలి గుడ్డ ఇంకా వేలాడుతూనే ఉంది.

"మాస్టారూ, కోటు బొత్తాలు తీసి మళ్ళీ పెట్టండి."

మా ఆయన లాయరును చూడలేదు. నన్ను చూశాడు. నేను చెప్పేశానని ఆ ఒక్క చూపులో ఆయనకు తెలిసిపోయింది.

బొత్తాలు తియ్యడానికి మణికట్లతో అటూ ఇటూ లాగాడు, ఎలాగో ఊడాయి. పెట్టడం దగ్గర వచ్చింది తంటా. వేళ్ళు బొత్తం దాకా వెళ్తాయి, జారిపోతాయి. మళ్ళీ వెళ్తాయి. ఆ బొత్తం కుట్టింది ఆయనే, ఆ కాజా తీసింది ఆయనే. ఆ కాజాలు చూడటానికే పక్క ఊళ్ళ దర్జీలు వచ్చేవాళ్ళు. నుదుటి మీద చెమట పట్టింది. నాకు తెలియకుండానే సగం లేచాను. లాయరు తల అడ్డంగా ఊపాడు. కూర్చుని నా చేతులు తొడల కింద పెట్టుకున్నాను.

"చాలండి, చాలు" అంది పెద్దావిడ.

"ఆగండమ్మా, పడుతుంది" అన్నాడు మా ఆయన.

పడలేదు. ఆవిడ కళ్ళజోడు తీసేసి, పక్కవాళ్ళతో రెండు మాటలు మాట్లాడి, భత్యం మంజూరు చేస్తున్నామని చెప్పింది. ఆయన అప్పుడు కూడా బొత్తం వదల్లేదు. లాయరు వెళ్ళి భుజం మీద చెయ్యేస్తేగానీ ఆపలేదు.

బయట వరండా నిండా జనం, తమ వంతు కోసం కూర్చున్నవాళ్ళు. లాయరు నేల చూస్తూ, నన్ను క్షమించాలి మాస్టారూ అన్నాడు. మా ఆయన ఆయన్ని కిందినుంచి పైదాకా చూశాడు.

"ముందు ఆ గుడ్డ కుట్టించుకోండి" అన్నాడు.

కేసు గెలిపించినవాడికి మా ఆయన చెప్పిన కృతజ్ఞత అంతవరకే. లాయరు వెళ్ళిపోయాడు. మా ఆయన కోటు తెరుచుకునే ఉంది. ముట్టుకోవడానికి నాకు ధైర్యం చాల్లేదు. మెట్ల దాకా వెళ్ళి ఆగి, జనం మధ్యలో నా వైపు తిరిగాడు.

"పెట్టు. ఇంకెవరికి తెలియాలి?"

పెట్టాను. ఈసారి ఆయన పైకప్పు చూడలేదు, కళ్ళార్పకుండా నా మొహమే చూశాడు. నేనే తలెత్తలేక, ఆ నాలుగు బొత్తాలు అయ్యేదాకా బొత్తాలే చూస్తూ ఉండిపోయాను.