ప్రత్యూష పక్కన లేకపోయినా

రొయ్యల గుంటల్లో తెల్లవారుజామున ఆక్సిజన్ ఎప్పుడు పడిపోతుందో ముందే చెప్పే ప్రోగ్రాం ఒకటి రాసింది ప్రత్యూష. ఇందుకూరుపేట దగ్గరి పరిశోధన కేంద్రంలో ఆమె పీహెచ్‌డీ అంతా దాని మీదే. చిక్కేమిటంటే, అది ఆమె లాప్‌టాప్‌లో తప్ప ఇంకెక్కడా నడవదు. కాన్పుకు సంగంలోని పుట్టింటికి వెళ్లే వేళయింది. ఆమెకేమో కాలు కదలడం లేదు.

"నేను పోతే ఇది ఆగిపోతాదక్కా" అంది సాహిరాతో.

సాహిరా నెల్లూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. శనివారాల్లో వచ్చి ఇక్కడి పరిశోధకులకు కోడ్ పద్ధతిగా రాయడం నేర్పుతుంది. మీకు వచ్చిన ఫలితం, మీరు పక్కన లేకపోయినా ఇంకొకరికి రావాలి అన్నదే ఆమె పాఠం.

"నువ్వు నిమ్మళంగా పోయేటట్టు దాన్ని సర్దుదాం పా" అంది సాహిరా.

ప్రత్యూష ఫోల్డర్‌ని సాహిరా పెంచల్ కంప్యూటర్‌లోకి ఎక్కించింది. పెంచల్ కొత్తగా చేరిన విద్యార్థి. "నడుపు. అక్కని ఏమీ అడగబాక. నువ్వూ నోరు తెరవబాక ప్రత్యూషా."

పెంచల్ నడిపాడు. వెంటనే ఎర్రక్షరాలు వచ్చాయి. ప్రోగ్రాం ప్రత్యూష లాప్‌టాప్‌లోని డి డ్రైవ్‌లో ఫైలు కోసం వెతుకుతోంది.

"అదీ..." అని ముందుకు వంగిన ప్రత్యూష చేతిని సాహిరా పట్టుకుంది. "చెప్పబాక, రాయి. రేపు నువ్వు ఆస్పత్రిలో ఉంటే వీడు ఎవర్ని అడగాల?"

ప్రత్యూష రాసింది. ఫోల్డర్‌లోనే ఉన్న ఫైలును చదివేలా దారి మార్చింది. అది నడవడానికి ఏ సాఫ్ట్‌వేర్ లైబ్రరీ, ఏ వెర్షన్ కావాలో రాసింది. కోడ్ మధ్యలో ఊరికే వేలాడుతున్న ఒక అంకెకి 'ప్రమాద హద్దు' అని పేరు పెట్టింది. భోజనాల తర్వాత ప్రోగ్రాం చివరిదాకా నడిచింది.

కానీ గ్రాఫు వేరేగా వచ్చింది. జర్నల్‌కి పంపబోతున్న పేపర్లో నెమ్మదిగా దిగే గీత, ఇక్కడ జూలై నెలలో నిలువునా అడుగుకి పడిపోయింది.

ప్రత్యూష ముఖం పాలిపోయింది. "ఇన్నాళ్లూ నేను తప్పు లెక్క చెప్పినానా?"

"నేనే ఏదైనా తప్పు నొక్కినానేమోలే అక్కా" అన్నాడు పెంచల్ మెల్లగా.

సాహిరా రెండు ఫైళ్లనీ పక్కపక్కన తెరిచింది. ఫోల్డర్‌లో ఉన్నది గుంటలోని సెన్సర్ నుంచి వచ్చినది వచ్చినట్టే ఉన్న ఫైలు. లాప్‌టాప్ డి డ్రైవ్‌లో ఉన్నదాంట్లో జూలైలో కొన్ని వరుసలు లేవు. లేని వరుసల తేదీలు ప్రత్యూష ఒక్కొక్కటే చూసింది.

"నాచు" అంది చివరికి. "ఆ వానల్లో సెన్సర్‌కి నాచు పట్టింది. గుంటలో దిగి నేనే తుడిచినా. ఆ పాడు లెక్కలన్నీ చేత్తో తీసేసినా." కళ్లలో నీళ్లు తిరిగాయి. "యాడా రాసుకోలా. నాకే గుర్తు లేదు చూడక్కా."

"నువ్వు తీసేసింది న్యాయమే. ఎందుకు తీసేసినావో కోడ్‌లో ఉంటే చాలు" అంటూ సాహిరా కుర్చీ దగ్గరికి జరుపుకుంది. ఇద్దరూ కలిసి ఆ నియమాన్ని, దానికి కారణాన్ని రాశారు. అదే నియమం అన్ని నెలలకీ పెడితే ప్రత్యూష అప్పట్లో తీయకుండా వదిలేసిన పాడు లెక్కలు ఇంకొన్ని బయటపడ్డాయి. వాటినీ తీసేస్తే ప్రోగ్రాం అంచనా ముందున్నంత కచ్చితంగా రాలేదు.

"తగ్గిందే" అంది ప్రత్యూష.

"తగ్గింది. అయినా నిలబడింది కదా."

పెంచల్ తన కంప్యూటర్లో మళ్లీ నడిపాడు. రెండు తెరల మీదా ఒకటే గీత. ప్రత్యూష కళ్లు తుడుచుకుని నవ్వింది. ఆటో ఎక్కేటప్పుడు మాత్రం ఆమె ముఖం చిన్నబోయింది. "ఇంక నాతో పని లేనట్టే."

"ప్రోగ్రాంకి లేదులే. మాకుంది. పోయి సుఖంగా కని రా తల్లీ" అంది సాహిరా, ఆమె తల నిమురుతూ.

సంగంలో ఆడపిల్ల పుట్టింది. బిడ్డకి నెల వెళ్లాక పెంచల్ ఫోన్ చేశాడు.

"పేపర్ చూసినోళ్లు కొత్త సీజన్ లెక్కలు కూడా కలపమన్నారక్కా. కలిపి పంపించేసినా."

"ఎప్పుడు? నాకు చెప్పలేదే!"

"పాపతో అలసిపోయి ఉంటావని ఫోన్ చెయ్యలా. నువ్వు రాసిపెట్టినట్టే చేసినా. మన గైడ్ సారు కూడా ఆయన సిస్టంలో నడిపి చూసినాడు. ఒకటే వచ్చింది."

ఏమేం మార్చావు, గ్రాఫు ఎలా ఉంది, అడగాలనుకున్నవి చాలా ఉన్నాయి. ఇంతలో పక్కలో బిడ్డ కదిలి కేరుమంది.

"సరే పెంచల్, నువ్వు చూసుకో" అని ఫోన్ పక్కన పెట్టి, ప్రత్యూష బిడ్డని ఒళ్లోకి తీసుకుంది.